సార్జంట్ అత్తగారు

నెలకో సోమవారం పొద్దున్న ఆవిడ ఆఫీసులో ఎవరితోనూ మాట్లాడదు. సీట్లో కూర్చుని ఫ్లాస్కులోంచి వేణ్ణీళ్ళు గుక్కగుక్కగా తాగుతూ, ఎవరేం అడిగినా తలూపుతుంది. కాసేపు పోయాక గానీ గొంతు పెగలదు. పెగిలాక మాత్రం ఇక అది గొంతు కాదు, పాకం.

"అయ్యయ్యో, అలా జరిగిందాండీ! పాపం, ఎంత ఇబ్బంది పడ్డారో!" అని ఆవిడ ఫోన్లో ఒక్క మాట అంటే చాలు, వాషింగ్ మెషీన్ పాడై కుతకుతలాడిపోతున్న పెద్దమనిషి కాస్తా చల్లబడి, "మధ్యలో మీరేం చేస్తారులెండి" అని ఎదురు ఆవిడనే ఓదారుస్తాడు. అందుకే ఆ వాషింగ్ మెషీన్ల కంపెనీ ఫిర్యాదుల విభాగంలో ఆవిడకి తేనెక్క అని పేరు. ఎవరికీ లొంగని ఘటాలన్నీ తిరిగి తిరిగి చివరికి ఆవిడ లైనుకే వస్తాయి.

ఆ తేనె ఆ సోమవారం పొద్దున్న ఎందుకు గడ్డకట్టుకుపోతుందో కొత్తగా చేరినవాళ్ళకి తెలీదు. అంతకుముందు శని, ఆదివారాలు ఆవిడ ఆకుపచ్చ యూనిఫాం వేసుకుని, ఊరవతల మైదానంలో లారీల మధ్య నిలబడి, గొంతు చించుకుని అరిచి వచ్చి ఉంటుంది. ఆవిడ రిజర్వు సైన్యంలో సార్జంటు. మామూలు రోజుల్లో అందరిలాగే ఉద్యోగం, ఇల్లు. సైన్యం పిలిచినప్పుడు యూనిఫాం. పెళ్ళికాక ముందు, పెద్ద బండి నడపాలన్న సరదా పుట్టి చేరింది. నేర్చుకుని మానేద్దామనుకుంది. నేర్చుకోవడం అయ్యేసరికి ఇంకొకళ్ళకి నేర్పమన్నారు. నేర్పుతూ నేర్పుతూ ఉండగా పెళ్ళయింది, కూతురు పుట్టింది, ఆ కూతురికీ పెళ్ళయింది. ఆవిడ మాత్రం ఇంకా కొత్త డ్రైవర్లకి లారీ నేర్పుతూనే ఉంది. అక్కడ తేనెక్క అన్న పేరు వింటే జనం పొట్ట పట్టుకుని నవ్వుతారు. అక్కడ ఆవిడ పేరు సైరన్.

ఆ ఏడాది పదిహేను రోజుల శిక్షణ శిబిరం సరిగ్గా కంపెనీ కొత్త మోడల్ వదిలిన నెలలోనే వచ్చిపడింది. సెలవు చీటీ తీసుకుని వెళ్తే మేనేజరు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"అక్కా, మిమ్మల్ని వెళ్ళొద్దని నేననను. అనడానికి చట్టం కూడా ఒప్పుకోదు. కానీ ఒక్కసారి నా మొహం చూడండి."

చూసింది. మొహం పీక్కుపోయి ఉంది.

"ఏమైందండీ?"

"కొత్త మిషన్ నడుస్తోందక్కా."

"మంచిదేగా. నడవకపోతే కదా బాధ."

"ఆ నడవడం కాదు! కాళ్ళొచ్చినట్టు నడుస్తోంది. బట్టలు పిండే టైముకి గడగడలాడుతూ స్నానాల గదిలోంచి బయల్దేరి హాల్లోకి వచ్చేస్తోందట. నిన్న ఒకాయన భోంచేస్తుంటే వెనకనుంచి వచ్చి కుర్చీకి తగిలిందట. దెయ్యమనుకుని పక్కింట్లోకి పరిగెత్తాడు."

తప్పు మిషన్‌ది కాదు. ఇంటికి చేర్చేటప్పుడు కదలకుండా వెనకవైపు నాలుగు బోల్టులు బిగిస్తారు. ఇంట్లో పెట్టాక అవి తీసెయ్యాలి. హడావుడిలో ఎవరూ తియ్యడం లేదు. తియ్యమని చెప్పడం తేలికే. కోపంతో ఊగిపోతున్నవాళ్ళ చేత ఆ మాట వినిపించడమే కష్టం. బేరమాడి బేరమాడి చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. శిబిరంలో సాయంత్రం తీరిక దొరికే గంటలో, మరీ మొండి కేసులేమన్నా ఉంటే ఆవిడ ఫోనుకి పంపిస్తారు.

ఇంట్లో ఆవిడ సంచి సర్దింది భర్త. ఆయనకి కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. ఎంత చిన్న వస్తువునైనా మెత్తటి గుడ్డలో చుట్టి పెడితే గానీ ఆయనకి తోచదు. బూట్లు కూడా అలాగే చుట్టి పెడుతూ, "అక్కడ ఏదైనా వింత కనపడితే కంగారు పడకు" అన్నాడు.

"ఇన్నేళ్ళలో నేను చూడని వింతేముంటుంది అక్కడ?"

"ఊరికే అన్నాలే" అని ఆయన సంచి జిప్పు లాగేశాడు. నవ్వు ఆపుకుంటున్నాడని ఆవిడకి అనుమానం వచ్చింది గానీ, బస్సు టైమైపోతోంది.

మర్నాడు పొద్దున్న కొత్త డ్రైవర్లు వరసగా నిలబడ్డారు. ఎప్పటిలాగే ఆవిడ కిందనుంచి పైకి చూసుకుంటూ వస్తోంది. ముందు బూట్లు, తర్వాత బెల్టు, తర్వాత మొహం. మొదటివాడు బేకరీ నడిపేవాడట, వాడి బూటు లేసు ఊడి ఉంటే, "తాడు కట్టడం రానివాడివి లారీ ఏం నడుపుతావురా!" అని ఆవిడ ఒక్క అరుపు అరిచేసరికి దూరంగా గింజలు ఏరుకుంటున్న పావురాలు లేచిపోయాయి. అదే ఊపులో నలుగురైదుగుర్ని కడిగేసింది. వరస చివర్లో ఒకడు బూట్లు అటుదిటూ ఇటుదటూ వేసుకుని ఉన్నాడు. ఆవిడ గుండెనిండా ఊపిరి పీల్చుకుని తలెత్తింది.

ఎదురుగా అల్లుడు.

పీల్చిన ఊపిరి ఎటు పోవాలో తెలీక లోపలే ఆగిపోయింది. రెండేళ్ళుగా ఆదివారం ఆదివారం ఇంటికొచ్చి, కుర్చీ అంచున కూర్చుని, "చాలండీ, ఫర్వాలేదండీ" తప్ప మూడో మాట అనని మనిషి. లిఫ్టులు బాగుచేసే కంపెనీలో ఉద్యోగం. వాన పడితే గొడుగు రెండు చేతులతో పట్టుకునే రకం. ఆ మనిషి ఇప్పుడు యూనిఫాంలో, చెవులదాకా దిగిన టోపీలో, గాల్లోకి చూస్తూ నిటారుగా నిలబడ్డాడు.

వరసంతా చెవులు రిక్కించి వింటోంది.

"బూట్లు..." అంది ఆవిడ. గొంతు సవరించుకుంది. "బూట్లు కాస్త... మార్చుకుంటే బావుంటుందేమో చూడండి."

బేకరీవాడు నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు.

అసలు ఆ క్షణమే ఆవిడ లెఫ్టినెంటు దగ్గరికి వెళ్ళి, ఇతను మా అల్లుడండీ, వేరే దళంలో వెయ్యండి అని చెప్పాలి. ఆ సంగతి ఆవిడకి తెలుసు. సాయంత్రం చెబుదాంలే అనుకుంది. సాయంత్రమయ్యాక, పొద్దున్న చెబుదాంలే అనుకుంది. అల్లుడంటే ఏమంటారో, ఇన్నాళ్ళూ అందర్నీ గడగడలాడించిన సైరన్‌ని చూసి ఎలా నవ్వుతారో అని ఒక జంకు. పైగా కూతురికి ఫోన్ చేస్తే అదేమో కిలకిలా నవ్వి, "నాన్నక్కూడా తెలుసమ్మా, నీకే చెప్పొద్దన్నారు మా ఆయన" అని పెట్టేసింది.

అసలు తిప్పలు మూడో రోజు మొదలయ్యాయి. ఆ రోజునుంచి లారీకి వెనక నీళ్ళ ట్యాంకు ట్రైలర్ తగిలించి, రెండు తెల్ల డ్రమ్ముల మధ్యకి రివర్సులో తేవాలి. చూసేవాళ్ళకి తేలికే. ఎక్కినవాడికి తెలుస్తుంది, ట్రైలర్ ఎడమకి పోవాలంటే స్టీరింగ్ కుడికి తిప్పాలని. చెయ్యి ఒకటి చేస్తుంది, బండి ఇంకోటి చేస్తుంది, మధ్యలో మనిషి బుర్ర తిరిగిపోతుంది. అందరూ నానా తంటాలు పడ్డారు. ఆవిడ తిట్లకి జడిసి, సాయంత్రానికి ఒక దారికి వచ్చారు. బేకరీవాడైతే, "బుర్రలో ఏముందిరా, మైదాపిండా?" అన్న తిట్టు తిన్న మరుక్షణం గీత గీసినట్టు తెచ్చి పెట్టాడు.

అల్లుడొక్కడే డ్రమ్ముల్ని వరసపెట్టి పడగొట్టాడు. పడగొట్టినప్పుడల్లా ఆవిడ కిటికీ దగ్గరికి వెళ్ళి, "ఫర్వాలేదు, ఇంకోసారి చూద్దామా? తొందరేం లేదు, నెమ్మదిగా రండి" అంటోంది. అవి సైరన్ మాటలు కావు. అచ్చంగా ఫిర్యాదుల విభాగంలో మాటలు. చివర్లో 'మీ సహనానికి ధన్యవాదాలు' అంటే సరిపోయేది.

"లిఫ్టులు పైకీ కిందకీ పోతాయి గానీ వెనక్కి పోవుగా, అందుకే అలవాటు లేదు" అని బేకరీవాడు నలుగురిలో జోకేశాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి, "అయినా ఇతనెవరో పెద్దవాళ్ళ తాలూకులా ఉన్నాడ్రా. మనల్ని తిట్టినట్టు ఇతన్ని తిట్టదేంటి?" అన్నాడు. ఆ రాత్రి భోజనాల దగ్గర అల్లుడి బల్ల మీద ఎవరూ కూర్చోలేదు.

మర్నాడు సాయంత్రం లారీల వెనక ఆవిడ ఫోన్ పట్టుకుని, ఎవరో ముసలాయనకి బోల్టులు ఎక్కడుంటాయో చెప్పడం అప్పుడే ముగించింది. అల్లుడు వచ్చి దూరంగా నిలబడ్డాడు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"అత్తయ్యగారూ, ఒక మాట."

"చెప్పండి అల్లుడుగారూ."

"ఏమీ అనుకోకపోతే... నన్ను కొంచెం తిట్టండి."

ఆవిడకి సరిగ్గా వినపడిందో లేదో అర్థం కాలేదు.

"అందర్నీ తిడుతున్నారు. నన్నొక్కణ్ణీ వదిలేస్తున్నారు. వాళ్ళంతా నన్ను వెలేసినట్టు చూస్తున్నారు. అది కూడా కాదు..." టోపీని అటూ ఇటూ తిప్పాడు. "మీ అమ్మాయి ఎప్పుడు చూసినా మీ తిట్లు చెప్పుకుని నవ్వుతుంటుంది. మా అమ్మ ఇలా తిట్టేది, అలా తిట్టేది అని. మామయ్యగారు కూడా అంతే. ఆ ఇంట్లో మీరు తిట్టని మనిషిని నేనొక్కణ్ణే. రెండేళ్ళైనా చుట్టంలాగే ఉన్నాను. ఇక్కడ మీరు ఎవర్నీ వదలరని విని చేరాను. ఇక్కడ కూడా 'కాస్త బ్రేకు వేస్తారా' అంటున్నారు."

ఆవిడ తెల్లబోయింది. "అందుకోసం సైన్యంలో చేరారా?"

"లారీ అంటే కూడా సరదానే" అన్నాడు, కాస్త సిగ్గుపడుతూ.

ఆవిడ ప్రయత్నం చేసింది. నిజంగానే చేసింది. అటూ ఇటూ చూసి, ఊపిరి బిగబట్టి, "మీరు... మీకు... బొత్తిగా బాగా లేదండీ నడపడం" అంది. ఇద్దరూ కాసేపు ఆ మాటని చూస్తున్నట్టు నిలబడ్డారు.

"అలా కాదేమో" అన్నాడు అల్లుడు.

"కాదు" అని ఆవిడే ఒప్పుకుంది. "రావట్లేదు. ఏం చెయ్యను?"

తిట్టు దానంతట అదే వచ్చింది, రెండు రోజుల తర్వాత. డ్రమ్ముల మధ్యకి రావాల్సిన ట్రైలర్ డ్రమ్ముల్ని దాటుకుని, మలుపు తిరిగి, మైదానం పక్కనున్న భోజనాల డేరా వైపు బయల్దేరింది. ఆవిడ చెయ్యెత్తింది. ఈల ఊదింది. లోపల అల్లుడు శ్రద్ధగా, పళ్ళు బిగించి, స్టీరింగ్ మొత్తం తప్పు వైపుకే తిప్పుతున్నాడు. ట్యాంకు వెళ్ళి డేరా తాడుకి తగిలింది. తాడు తెగింది. డేరా ఒక నిట్టూర్పులాంటి చప్పుడు చేసి, లోపల సూప్ రుచి చూస్తున్న లెఫ్టినెంటు మీద మెల్లిగా కూర్చుంది.

"ఆపరా!" అని ఆవిడ అరిచింది.

ఆ ఒక్క మాటతో రెండేళ్ళ ఆనకట్ట తెగింది. "కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావ్? ఆ అద్దాలు ఎందుకు పెట్టారనుకున్నావ్, తల దువ్వుకోవడానికా? అది స్టీరింగ్ అనుకున్నావా, గరిటె అనుకున్నావా? కుడి అంటే ఎడమ, ఎడమంటే కుడి అని నెత్తీనోరూ బాదుకుని చెబితే చెవిలో దూది పెట్టుకుని కూర్చుంటావా! తప్పని తెలిసినా ఆపవు. ఎప్పుడూ అంతే నువ్వు! ఇంటికొస్తే వద్దంటే వద్దని చెప్పవు, కావాలంటే కావాలని చెప్పవు, చాలండీ చాలండీ అంటూ నా ప్రాణం తీస్తావు! ఏది నచ్చిందో ఏది నచ్చలేదో తెలీక ఆదివారం వస్తుందంటే నాకు గుండెదడ! తడి తువ్వాలు మంచం మీద పడేస్తావట, మా అమ్మాయి నెత్తి కొట్టుకుంటోంది! అత్తగారి ఊళ్ళో డేరాలు కూలగొట్టడానికి వచ్చావా నువ్వు!"

కూలిన డేరా అంచు పైకి లేచి, లెఫ్టినెంటు చేతిలో గరిటెతో బయటికి పాక్కుంటూ వచ్చాడు. పాతికేళ్ళు కూడా లేని పిల్లాడు. మీసం మీద సూప్.

"సార్జంట్, అత్తగారా?" అన్నాడు.

"అవును సార్" అంది ఆవిడ. అదే ఆఖరి మాట. గొంతు అక్కడితో పోయింది.

కిటికీలోంచి అల్లుడి మొహం కనిపించింది. పండగ చేసుకుంటున్నవాడి మొహంలా వెలిగిపోతోంది. బేకరీవాడు పరిగెత్తుకెళ్ళి వాణ్ణి బండిలోంచి లాగి కౌగిలించుకున్నాడు. "ముందే చెప్పొచ్చుగదరా! అత్తగారి చేతికింద పడ్డావా, అయ్యో పాపం!" అని అందరూ చుట్టూ మూగారు. డేరా తాళ్ళు మళ్ళీ కట్టడానికి సగం మంది సాయం పట్టారు.

సాయంత్రం లెఫ్టినెంటు పిలిచి, బంధువుల్ని ఒకే దళంలో ఉంచకూడదన్న సంగతి ఇన్నేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళకి తను గుర్తు చెయ్యాల్సి వచ్చిందని నొచ్చుకున్నాడు. ఆవిడ తలొంచుకుని విన్నది. మాట్లాడే వీల్లేదు గనక ఆ మందలింపు తొందరగానే అయిపోయింది. అల్లుణ్ణి మర్నాటినుంచి పక్క దళంలోకి మార్చారు.

లెఫ్టినెంటు ఆఫీసులోంచి బయటికి వచ్చిందో లేదో ఫోన్ మోగింది. మేనేజరు. "అక్కా, ఈ ఒక్క కేసూ చూడండి. హాస్టల్ వార్డెనమ్మ. కొత్తవి ఆరు మిషన్లు కొన్నారు. ఆరూ ఒకదాని వెనక ఒకటి వరండాలోకి వచ్చాయట. అన్నీ వెనక్కి తీసుకోకపోతే పేపరుకెక్కిస్తానంటోంది. లైను కలుపుతున్నా." ఆవిడ నోరు తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు. అప్పటికే అవతల వార్డెనమ్మ అందుకుంది.

అటుగా బకెట్టు పట్టుకుని పోతున్న అల్లుడి చొక్కా పట్టుకుని ఆపింది ఆవిడ. ఫోన్ చేతిలో పెట్టి, నేలమీద పుల్లతో గీసి చూపించింది: వెనక, నాలుగు, బోల్టులు. ఆ తర్వాత రెండు చేతులూ జోడించి, మెత్తగా, మెత్తగా అని సైగ చేసింది.

అల్లుడు ఫోన్ చెవిన పెట్టుకున్నాడు.

"నమస్కారమండీ" అన్నాడు. "అవునండీ. నిజమేనండీ. మీ స్థానంలో ఎవరున్నా అలాగే అంటారండీ. ఫర్వాలేదండీ, మీరు పూర్తిగా చెప్పండి, నేను వింటున్నాను."

ఆవిడ బకెట్టు బోర్లించి దానిమీద కూర్చుని వింది. ఏం గొంతు! ఎక్కడా తొణకదు. అవతలి మనిషి విసిరిన ప్రతి మాటా దూదిమీద పడ్డట్టు పడుతోంది. అత్తారింట్లో కుర్చీ అంచున కూర్చుని రెండేళ్ళు సాధన చేసిన మర్యాద అది. చివరికి అల్లుడు, "మీకు వీలైతేనేనండీ... ఒక మిషన్ వెనకవైపు ఒక్కసారి చూస్తారా?" అన్నాడు. కాసేపయ్యాక వార్డెనమ్మ నవ్వు ఫోన్లోంచి ఆవిడక్కూడా వినపడింది.

ఫోన్ తిరిగి ఇస్తూ అల్లుడు, "ఇది రోజూ ఎలా చేస్తారు మీరు? చెమటలు పట్టేశాయి" అన్నాడు. ఆవిడ వాడి వీపు మీద ఒకటి చరిచింది. గొంతుంటే చెప్పాల్సిన మాటలన్నీ అందులోనే వేసింది.

పక్క దళంలో నేర్పే సార్జంటు, మామూలు రోజుల్లో పసిపిల్లల బడిలో పంతులు. బండి తప్పు పోతే, "భలే, దాదాపు వచ్చేసింది! చప్పట్లు!" అనే రకం. అల్లుడు మొదట్లో దిగులుపడ్డాడు గానీ, ఆ చప్పట్లకో, పడ్డ తిట్టు అప్పటికి తలకెక్కో, ట్రైలర్ కొంచెం కొంచెం మాట వినడం మొదలుపెట్టింది. ఆఖరి రోజు పరీక్ష. ఆవిడ మైదానం అవతలి చివర తన దళంతో నిలబడి, అటు చూడకూడదనుకుంటూనే చూస్తోంది. గొంతు ముందురోజే తిరిగొచ్చింది. లారీ వెనక్కి వచ్చింది, బాగానే వచ్చింది, ఇంకో రెండు గజాలుందనగా ట్రైలర్ కుడి డ్రమ్ము వైపు జారింది.

"కుడికి తిప్పరా మొద్దూ!"

మైదానం ఈ చివర్నుంచి ఆ చివరికి. లారీ ఉలిక్కిపడి, సర్దుకుని, డ్రమ్ముల మధ్య ఆగింది.

లెఫ్టినెంటు అట్ట పట్టుకుని నడుచుకుంటూ వచ్చాడు. "సార్జంట్, పరీక్షలో సాయం చెయ్యకూడదని తెలుసుగా?"

"సాయం కాదు సార్, తిట్టాను."

అతను కాసేపు ఆలోచించి, తిట్టకూడదని రూల్లో ఎక్కడా లేదు గనక, పాసు వేశాడు.

ఇంటికొచ్చిన మొదటి ఆదివారం కూతురూ అల్లుడూ ఎప్పటిలాగే భోజనానికి వచ్చారు. ఆవిడ వడ్డించింది. అల్లుడు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, ఆలోచించి, "అత్తయ్యా, ఇందులో ఉప్పెక్కువైంది" అన్నాడు.

'అత్తయ్యగారూ'లో 'గారు' ఎటు పోయిందో! భర్త చేతిలో నీళ్ళగ్లాసు అలాగే ఆగిపోయింది. కూతురు తల్లి మొహం వైపు చూడకుండా కంచంలోకి చూసుకుంది.

"ఎక్కువైతే లేచొచ్చి నువ్వే చెయ్యి" అంది ఆవిడ.

"చేస్తా" అని అల్లుడు నిజంగానే లేచాడు.

వంటింట్లో ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డారు. వాడు కత్తి పట్టుకున్న తీరు చూడగానే ఆవిడకి ఒళ్ళు మండింది. అది కొయ్యడం కాదు, నరకడం అంది. ఇంత లావు ముక్కలు ఎవరికి, గుర్రాలకా అంది. మా ఇంట్లో చేసుకునేటప్పుడు ఇలాగే కోస్తాను, మీ అమ్మాయి ఏమీ అనదు అని వాడు ఎదురు జవాబిచ్చాడు. దానికేం తెలుసు, దాన్ని కూడా నేనే పాడుచేశాను అంది ఆవిడ. పొయ్యిమీద నూనె కాగుతోంది, గొంతులు పెరుగుతున్నాయి. ఇంతలో ముందుగది తలుపు మెల్లిగా తెరుచుకుని, మెల్లిగా మూసుకున్న చప్పుడైంది. తండ్రీకూతుళ్ళు చల్లగా బయటికి జారుకున్నారు.

"పోనీలే" అని ఆవిడ మంట తగ్గించింది. "ఇప్పుడు చూడు, ఇలా పట్టుకోవాలి."